మామ పెట్టిన గీత

బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలిన మా బామ్మర్ది కరీంనగర్‌లో ఐసీయూలో ఉన్నాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి, డయాలసిస్ చేయాలని ఈ సాయంత్రం డాక్టర్ చెప్పాడు.

“దెబ్బ తలకు తాకితే కిడ్నీలెట్ల ఖరాబైతయ్ సారూ?” అన్నాడు వాడి నాన్న, మా మామ. నాకూ అదే అనుమానం.

“ఒక్కోసారి అట్ల అయితది. పొద్దటి సంది మూత్రం వస్తలేదు,” అన్నాడు డాక్టర్.

మామ సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేస్తాడు. షిఫ్టు మారేటప్పుడు తను నేసినంత వరకు గీత పెట్టనిదే కదలడు. పొద్దున మూత్రం సంచి మీద కూడా ఎవరికీ చెప్పకుండా పెన్నుతో గీత పెట్టాడట. ఇప్పుడు లోపలికి వెళ్లి చూసొచ్చాడు. మూత్రం ఆ గీత దాటలేదు.

నేనైతే డాక్టర్ చెప్పింది నిజమేనా అని ఇంకా ఫోన్లో వెతుకుతూనే ఉన్నాను. మీరైతే ఎవరిని నమ్మేవారు? మామ మాత్రం జేబులోంచి అదే పెన్ను తీసి డయాలసిస్‌కు ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాడు.