అన్న రేసు సైకిలు

అన్న రేసు సైకిలును అటక మీది నుంచి దించినప్పుడు నా మనసులో ఉన్నది సైకిలు కాదు, అన్న కుడి మోకాలు. బొగ్గు బాయిలో పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు వచ్చి తొడను నొక్కేస్తే ఎముక విరిగింది. నెలల తరబడి ఉంచిన పిండికట్టు విప్పి చూస్తే కాలు సన్నబడిపోయింది, మోకాలు బిగుసుకుపోయింది. ఎముక అతుక్కుంది కాబట్టి ఇక రోజూ మోకాలు వంచుతూ ఉండాలని, ఈ వానాకాలం గడిచేలోగా వంగకపోతే ఆ తరువాత తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు వాన పడితే భయం, వెలిస్తే ఇంకా భయం. ఎండ కాస్తే చాలు, వానాకాలం అయిపోయిందేమోనని క్యాలెండరు చూసేదాన్ని.

ఎనభైల మొదటి మాట ఇది. మంచిర్యాలలో ఉండేవాళ్లం. మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. బాపు పోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురం, అవ్వ, అన్న, నేను. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. అవ్వ ఇప్పనూనె వెచ్చచేసి అన్న కాలికి రాసేది. రాసినంతసేపు ఊరుకునేవాడు. మడమ పట్టుకుని కాస్త వంచబోతే మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు, తరువాత గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాకు జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చేది. నొప్పి ఉంటుంది, నిజమే. కానీ పళ్లు బిగబట్టి ఓర్చుకోవాల్సినవాడు అలా గోడను చూస్తూ కూర్చుంటే, ఆ గోడకు తల బాదుకోవాలనిపించేది.

హైదరాబాద్‌లో చదివే రోజుల్లో అన్న సైకిలు పందేల్లో తొక్కేవాడు. గుండ్రటి మైదానం చుట్టూ తిరిగే పందేలట. అందుకోసం ఎవరో పెద్ద రేసుగాడి దగ్గర ఒక పాత విదేశీ సైకిలు సంపాదించాడు. దానికి బ్రేకు లేదు, స్టాండు లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డు కూడా లేదు. దాన్ని మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. బాయిలో పనికి చేరాక అది అటకెక్కింది. ఇప్పుడు దాన్ని బాగుచేయించి మంచం ముందు నిలబెడితే, తొక్కకపోయినా ఫరవాలేదు, కనీసం లేచి కూర్చుంటాడని నా ఆశ.

స్టేషన్ దగ్గర సైకిల్ షాపు కాకాకు అప్పగించాను. ఆయన దాన్ని చూసి మురిసిపోయాడు. తుప్పంతా కిరసనాయిలుతో కడిగాడు, రెండు చక్రాల్లో గోళీలు మార్చాడు, వంగిన పుల్లలు సరిచేశాడు, కొత్త చైను వేశాడు. దాని సన్నటి టైర్లు మంచిర్యాలలో దొరకలేదు, కరీంనగర్‌లోనూ దొరకలేదు. హైదరాబాద్ వెళ్తున్న పక్కింటాయనను బతిమాలి తెప్పించాను. రోజూ బడి వదలగానే షాపు ముందు నిలబడేదాన్ని. నిలబడి ఏం చేస్తానో నాకే తెలియదు. పని ఆలస్యమయ్యేకొద్దీ అన్న మోకాలు ఇంకా బిగుసుకుపోతోందని మాత్రం అనిపించేది.

చివరికి ఒకరోజు కాకా వెనక చక్రం పైకెత్తి గిర్రున తిప్పి చూపించాడు.

"సూడుండ్రి పంతులమ్మా. ఎనుక చక్రం జామై ఉండె. చక్రం తిప్పితే పెడళ్లు గూడ తిరుగుతున్నయి. మీరు అడుగకున్నా కొత్త ఫ్రీవీల్ ఏసిన. ఇగ కాళ్లు ఆపినా చక్రం తిరుగుతది, హాయిగ తొక్కుకోవచ్చు."

ఫ్రీవీల్ కిరకిరమని చప్పుడు చేస్తూ తిరిగింది. నా కళ్లకూ అది బాగానే కనిపించింది. ఆయన చేతులకు దండం పెట్టినంత పనిచేసి సైకిలును నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాను.

అన్న లేచి కూర్చున్నాడు. హ్యాండిలును నిమిరాడు. నా గుండె నిండిపోయింది. తరువాత పెడలును చేత్తో వెనక్కి తిప్పాడు. కిరకిరమంది. ఆ ముఖం అలా మాడిపోవడం ఇప్పటికీ మరిచిపోలేను.

"గిదేంది చెల్లె?"

"జామైతే కాకా బాగుచేసిండన్నా."

"జాం గాలే. గది అట్లనే ఉంటది. చక్రం తిరిగినంతసేపు పెడళ్లు తిరుగుడే. కాళ్లు ఆపితే చక్రం ఆగుతది. అందుకే దానికి బ్రేకు ఉండది. నా పాత పళ్లచక్రం ఏడున్నది?"

నాకు తెలియదన్నాను. మళ్లీ గోడవైపు తిరిగాడు.

వానలో షాపుకు పరుగెత్తాను. ఆ పాత ఇనుప ముక్కను ఈపాటికి తుక్కుకు అమ్మేసి ఉంటాడని దారి పొడవునా భయమే. కాకా నా మాట విని నమ్మలేకపోయాడు. పెడళ్లు ఆగకపోతే మనిషి తొక్కేదెట్లా అని తిరిగి నన్నే అడిగాడు. పళ్లచక్రం మేకుకు వేలాడుతూనే ఉంది. విదేశీ ఇనుము కదా, పారేయబుద్ధి కాలేదట. దాన్ని మళ్లీ బిగిస్తూ గొణిగాడు.

"ఒక్క కాలు ఇరిగింది సాలదా పంతులమ్మా? రెండోది గూడ ఇరగ్గొట్టుకుంటడా?"

నా లోపల తిరుగుతున్న మాట కూడా అదే. అది ఆయన నోట వినేసరికి ఒళ్లు మండింది.

"నువ్వు బిగియ్యి కాకా" అన్నాను.

ఆ సాయంత్రం అన్న మంచం మీద కూర్చుని, సైకిలు వెనక భాగాన్ని ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పుతున్నాడు. పెడళ్లు కూడా తిరుగుతున్నాయి. బియ్యం చెరుగుతున్న అవ్వ చేట పక్కన పెట్టింది.

"చక్రం తిప్పితే పెడలు దానంతలదే తిరుగుతదా?"

"తిరుగుతదవ్వా."

"దాని మీద కాలు పెడితే?"

అన్న చక్రం ఆపి అవ్వ వైపు చూశాడు.

మరునాడు పొద్దున్నే అవ్వ మా ఇంటి దూలానికి తాడు వేయించింది. సీటు కింద కట్టి వెనక చక్రం నేలకు తగలకుండా ఎత్తించింది. ముందు చక్రానికి రెండు వైపులా వడ్ల బస్తాలు ఆనించింది. అన్నను మేమిద్దరం ఎక్కించాం. కుడి పాదం జారకుండా పాత చీర పేలికతో పెడలుకు కట్టింది. తరువాత పీట వేసుకుని పక్కన కూర్చుని, ఇసుర్రాయి తిప్పినట్టే, అరచేత్తో టైరును మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. పాదం పైకి లేచింది. మోకాలు ఎక్కడ మొరాయించిందో అక్కడ ఆపి, చక్రాన్ని వెనక్కి తిప్పింది. మళ్లీ ముందుకు తిప్పింది. అన్న హ్యాండిలు మీద తల వాల్చి మూలిగాడు.

"ఆపవ్వా, ఏమన్న అయితది" అన్నాను.

"నేను పట్టి వంచితే నా మీద కోపం జేస్తడు. చక్రం మీద ఎట్ల జేస్తడు? నువ్వు బడికి పో."

బడికి వెళ్లానే గాని పాఠం చెప్పినట్టు గుర్తులేదు. పిల్లలు ఎక్కాలు చదువుతుంటే అందులో అన్న అరుపే వినిపించేది. కొన్నాళ్లకు మోకాలు ఉబ్బింది. ఇక అయిపోయింది, ఉన్నదీ పోగొట్టామనుకున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లి చక్రం సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాను, భయపడ్డాను, అయినా చెప్పాను. ఆయన తిట్టలేదు. వాపు తగ్గేదాకా ఆపి, మళ్లీ తిప్పమన్నాడు. మళ్లీ తిప్పితే మళ్లీ ఉబ్బదా అని అడిగితే, ఉబ్బొచ్చు అన్నాడు. ఆ రాత్రి అవ్వ నిద్రపోయింది, అన్న నిద్రపోయాడు. ఎవరికీ లేని బెంగ నాకెందుకని నన్ను నేనే తిట్టుకున్నాను.

అలా ముందుకూ వెనక్కూ తిప్పుతూ ఉండగానే ఒక ఉదయం పెడలు మొదటిసారి పైకొస దాటి అటువైపు దిగి, చుట్టు పూర్తయింది. అన్న గట్టిగా ఊపిరి వదిలాడు. అవ్వ చేయి ఆపకుండా చక్రాన్ని మరోసారి తిప్పింది. ఆ తరువాత అవ్వ చేయి తీసేసినా అన్న ఎడమ కాలు తొక్కేది, దాని వెంట కుడి కాలు తిరిగేది. చివరికి తాడు విప్పమన్నాడు.

అంతదాకా గోడను చూసి ఏడిపించినవాడు, ఇప్పుడు రోడ్డును చూసి ఏడిపిస్తాడా? వద్దన్నాను. డాక్టరు తొక్కమనలేదు, తిప్పమన్నాడంతే అని వాదించాను. నా మాట ఎవరూ వినలేదు. ఆదివారం పొద్దున బడి మైదానానికి వెళ్లాం. మనవాళ్లంతా ఎడమ కాలు పెడలు మీద పెట్టి, కుడి కాలితో నేలను తన్నుతూ కొంత దూరం పోయి ఎక్కుతారు కదా, ఈ సైకిలు మీద అది కుదరదు. పెడలు కాలిని లాక్కుపోతుంది. అందుకని నేను సీటు పట్టుకున్నాను. అన్న ఎక్కాడు. వదలమన్నాడు. వదలలేక కొంత దూరం పరుగెత్తి, ఊపిరాడక వదిలేశాను.

మైదానం చివర ప్రహరీ గోడ, దాని పక్కన బురద. బ్రేకు లేదు. అన్న గోడ దగ్గర వాలుగా మలుపు తీసుకున్నాడు. మళ్లీ మా ముందు నుంచే వెళ్లాడు. ఆగలేదు. "సాలన్నా, ఆపు" అని అరిచాను. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆపలేకనే తిరుగుతున్నాడని, కుడి కాలిలో ఆపేంత బలం లేదని నాకు నమ్మకం కుదిరింది. అడ్డం పడైనా సరే ఆపాలని చెప్పులు వదిలి పరుగెత్తాను. ఈలోగా తనే రెండు కాళ్లతో పెడళ్లను వెనక్కి నొక్కిపట్టి, వేగం తగ్గించి, కుంటుతూ దిగాడు.

నా నోరు ఆగలేదు. మా ప్రాణాలు తీయడానికే బతికినవా అన్నాను, అవ్వను చూసినవా అన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. అన్న వినడం లేదు. వెనక టైరులో గాలి తగ్గినట్టుందని గొణుగుతూ చక్రం పక్కకు వెళ్లాడు.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఊకో బిడ్డ. సూడు."

అన్న చక్రం పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. రెండు మోకాళ్లూ మడిచి, మడమల మీద. తను ఎలా కూర్చున్నాడో తనకే తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు. అన్న మాత్రం తల కూడా ఎత్తకుండా, టైరును వేళ్లతో నొక్కుతూ, పంపు తెచ్చినవా చెల్లె అని అడుగుతున్నాడు.