మామ గీకిన రీడు

ఆ రోజుల్లో, అంటే పొదటూరుపేట బ్యాండులో చేరిన కొత్తలో, నేను దయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. నమ్మకపోయినా భయపడవచ్చన్న సంగతి తర్వాత తెలిసింది. క్లారినెట్ వాయించే మా మేనమామ పోయిన మూడో నెలలో అత్త ఆయన వాయిద్యం నా చేతిలో పెట్టింది. అది పలకాలంటే నోటి దగ్గర బిగించే రెల్లు బద్ద, మేము రీడు అంటాం, కుదరాలి. నేను బ్లేడుతో గీకిన ప్రతి రీడూ కుక్కపిల్ల తోక తొక్కినట్టు కీచుమనేది. బ్యాండు మేస్త్రి తేల్చేశాడు: "తిరుత్తణి కల్యాణంలో ఇంకోసారి కీచుమనిందంటే నీకు క్లారినెట్ లేదప్పా. జనరేటర్ బండి తోసుకో పో."

కల్యాణానికి ఇంకా నాలుగు రోజులుంది. సాయంత్రం మామ ఇంటి ముందుగదిలో ఐదు రీడులు గీకి, అద్దం పలక మీద పెట్టి, వీధి తలుపుకు తాళం వేసి వెళ్ళాను (అత్త రాకపోకలు పెరటి వాకిలినుంచే). తెల్లారి వస్తే అద్దం మీద నాలుగే ఉన్నాయి. ఐదోది, ఊదే ముందు మామ రీడు నానబెట్టుకునే గ్లాసులో తేలుతోంది. అదొక్కటే హాయిగా పలికింది. (దాని కొసన నేను గీకని గీతలు!) రెండో రోజూ అంతే. మూడో రోజు గ్లాసు ఖాళీ, అద్దం మీద మాత్రం నాలుగే. గోడమీది ఫొటోలో మామ పెదవులు తడిగా ఉన్నట్టు అనిపించాయి. "మామా, చాలు, నువ్వు పోయి పడుకో" అని చేతులు జోడించాను. లోపలి గదినుంచి ఎవరో రీడు చప్పరిస్తున్న శబ్దం వచ్చింది. ఆ గది తలుపు తోశాను. కిటికీ వెలుగులో అత్త, నాలుక కొసన రీడు, చేతిలో బ్లేడు.

"ఏందిరా, అట్ల నిలబడినావు?"

"నువ్వా అత్తా గీకతా ఉండేది?"

"మరెవురనుకుంటివి? మీ మామకు ఊదేదే తెలుసు. ముప్పై ఏండ్లు గీకింది నేను. యాడా చెప్పబాక, ఆయన పేరు పోతాది. అందుకే దొంగమాదిరి చేస్తా ఉండా."

పెళ్ళిలో ఒక్క కీచు లేదు. మేస్త్రి నోరు తెరిచి, "రీడు ఎవురు గీకినార్రా?" అన్నాడు. చెప్పబోయాను. రీడు పలుకు వినాలని పెళ్ళికొచ్చిన అత్త ఆడవాళ్ళ వరుసలోంచి కళ్ళెర్రజేసింది. "మా మామ" అనేశాను. డోలు ఆగిపోయింది. మేస్త్రి నా రీడుల డబ్బాకు దండం పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. (ఆ తర్వాత నన్ను ఒక్క మాట అంటే ఒట్టు.)

ఇప్పుడు రీడులు నేనే గీక్కుంటాను. అత్తకు చూపు తగ్గింది, అయినా నాలుకతో తాకి "ఎడమపక్క ఇంకొంచెం" అంటుంది. ఆ రోజు ఆమె పేరు చెప్పనందుకు ఇప్పటికీ సిగ్గే. ఈమధ్య "సెరి, చెప్పుకో పో" అని ఒప్పుకుంది. పూండి దగ్గర ఒక పెళ్ళిలో ఎవరో అడిగితే, "మా అత్త విద్య" అన్నాను. ఒక్కరూ నమ్మలేదు! తిరుత్తణిలో మామ దయ్యాన్నయితే వెంటనే నమ్మారు. వాళ్ళను అనడానికి నేనెవణ్ణి? ఆ ఇంట్లో బతికున్న మనిషి అత్త ఒక్కతే అయినా, నాకు ముందు తట్టింది మామే కదా.