ఒరలో మిరప గింజలు

దయ్యాలంటే నాకు నవ్వు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన వాణ్ణి. ఆధారం లేని మాట రాసినవాడికి మార్కులు కోసేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

బ్రాడీపేటలో మా ఇంట్లో ఒక బీరువా నిండా పాత సైనిక వస్తువులున్నాయి. ఎవరికైనా పాత కత్తో, తుపాకీ కొసకు తగిలించే బాయ్‌నెట్టో దొరికితే అసలు స్థితిలో ఉందో లేదో చెప్పమని నా దగ్గరికే తెస్తారు. నిపుణుడన్న ఆ పేరంటే నాకు ప్రాణం.

ఆ పేరును మస్తాన్ గారు మంటగలిపారు. నల్లపాడులో ఆయనది బట్టల కొట్టు. ఆయనకూ నాలాగే ఈ పిచ్చి. ఒక ప్రదర్శనలో నా కత్తిని వేలితో రుద్ది, "మాస్టారూ, ఇది పాత నలుపు కాదండీ, బూట్ పాలిష్" అని ఆ వేలు అందరికీ చూపించారు. ఆయన చెప్పింది నిజమే. అందుకే నాకు మరీ కడుపు మండింది.

రెండేళ్ళ తర్వాత ఆయనే మా ఇంటికి వచ్చారు, వాళ్ళ తాత యుద్ధం నుంచి తెచ్చిన బాయ్‌నెట్‌తో. ఇంటికొచ్చాక దాంతో దేన్నీ కోయనని తాత ఒట్టు పెట్టుకున్నాడట. తాత పేరు రాసి, వీధి లైబ్రరీలో అద్దాల పెట్టెలో పెట్టాలని మస్తాన్ గారి కోరిక.

"నాకు శుక్లాలొచ్చి చూపు ఆనడం లేదండీ. మీరు చూసి ఒక్క మాట చెప్పండి, చాలు" అన్నారు.

భూతద్దం పెట్టి చూశాను. పిడి మీదా, ఒర మీదా ఒకటే నంబరు. స్క్రూలు ఎవరూ విప్పలేదు. పొడవడానికే చేసింది కాబట్టి, అంచు తయారైన నాటి మొద్దుతనంతోనే ఉంది. సాన పట్టిన గీత ఒక్కటీ లేదు. అంత శుభ్రమైనది నేను అంతకుముందు చూడలేదు. అసూయ ఆపుకోలేక ఫోన్లో ఒక ఫొటో కూడా తీసుకున్నాను.

"దీన్ని సాన పట్టారండీ, మొన నుంచి నాలుగు వేళ్ళ మేర" అన్నాను. "మిరపకాయ బస్తాల పురికొసలు కోయడానికి మీ తాతగారు వాడుకున్నట్టున్నారు."

మస్తాన్ గారు అంచును వేలితో తడిమారు. మొద్దుగానే తగిలి ఉంటుంది. అయినా, "మీరు చెప్పాక ఇంకేముందిలెండి" అని లేచి వెళ్ళిపోయారు. ఆ పూట అన్నం నాకు మహా రుచిగా ఉంది. దాచడమెందుకు?

మూడు నెలలకు ఆయన గుండెపోటుతో పోయారు.

నాకు నిద్ర పట్టడం మానేసింది. ఒకరోజు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య ట్రంకు పెట్టె తాళం తీసి బాయ్‌నెట్ తెచ్చారు. నా దగ్గర్నుంచి వచ్చిన రోజే ఆయన అందులో పెట్టేశారనీ, మళ్ళీ ముట్టలేదనీ చెప్పారు.

"అమ్మా, ఆ రోజు కసికొద్దీ అబద్ధం చెప్పాను. తాతగారు ఒట్టు తప్పలేదు. ఇదిగో చూడండి" అంటూ ఒర లాగాను.

ఘాటు గుప్పుమంది. ఇద్దరం తుమ్మాం. మొన నుంచి సరిగ్గా నాలుగు వేళ్ళ మేర అంచు తెల్లగా మెరుస్తోంది. ఒర బోర్లిస్తే నా అరచేతిలో మూడు మిరప గింజలు, కాస్త గోనె పీచు పడ్డాయి. నంబర్లు అవే, స్క్రూలు అవే.

ఆవిడ జాలిగా చూశారు. "నా మనసు కుదుటపడాలని అంటున్నారు, అన్నయ్యగారూ. కళ్ళకు కనబడుతోందిగా."

బయటికొచ్చి ఫోన్లో ఫొటో చూశాను. అందులోనూ ఆ నాలుగు వేళ్ళ మేరా మెరుస్తోంది. మరి ఆ రోజు భూతద్దంలో నేను చూసిందేమిటి?

మొన్న వాళ్ళ కొట్టుకు వెళ్ళాను. ఎలాగూ వాడిందేనని ఆవిడ బాయ్‌నెట్‌ను గల్లా పక్కనే పెట్టుకున్నారు. నా ముందే దాంతో ఒక బట్టల మూట తాడు కోశారు.

"బాగా తెగుతోందండీ, అన్నయ్యగారూ" అన్నారు.