గోధుమరంగు బూట్లు, పోయిన జర్మనీ

పోటీలో ఓడిపోవాలంటే ఎవరికైనా ప్రత్యర్థి కావాలి. నాకు ఆ అవసరం పడలేదు. నేను జర్మనీ పోకుండా ఆపడానికి నేనొక్కణ్ణే సరిపోయాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, జాలి మాత్రం వద్దు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. లింగాల ఘనపూర్‌లో మా యువజన సంఘానికి ఒక కబురొచ్చింది: జర్మనీలోని వృద్ధాశ్రమంలో ఏడాదిపాటు స్వచ్ఛంద సేవ, ఖర్చులన్నీ వాళ్లవే. ఎంపిక చేసేది హైదరాబాదులోని ఒక సంస్థ. మా సంఘం ఇద్దరి పేర్లు పంపింది. ఒకటి నాది, మల్లేశం. రెండోది నా దోస్తు యాదగిరిది. సీటు ఒక్కటే. రక్తదానమైనా, రాత్రి బడి అయినా, రోడ్డు మీద వంటావార్పు అయినా నేను ముందుండేవాణ్ణి. యాదగిరి వంటావార్పుకు మాత్రం వచ్చేవాడు, అదీ వడ్డించే వేళకు. సీటు నాదేనని మా అమ్మ ఊరంతా చాటి, అక్కడి చలికని గొంగడి కూడా కొనిపెట్టింది.

అనుమానం పెనుభూతమంటారు. ఆ రోజుల్లో మాకది ఇలవేల్పు. రాస్తారోకో జరిగిందంటే చాలు, మర్నాడు మఫ్టీ పోలీసులు ఊళ్లో దిగి ఆరాలు తీసేవారు. అందుకే ఊరంతా ఒక కట్టుబాటు పెట్టుకుంది. కొత్త మనిషి ఎవరి గురించి అడిగినా సరే, వాడు ఉత్త సోమరి, ఇల్లు కదలడు అని చెప్పాలి.

ఒకరోజు చాంద్ పాషా హోటల్లో చాయ్ తాగుతుంటే ఒకాయన వచ్చాడు. పొట్టి క్రాఫు, టక్కు చేసిన చొక్కా, గోధుమరంగు బూట్లు. పోలీసులు తొడిగేలాంటి ఆ బూట్లు చూడగానే నా చాయ్ చల్లారిపోయింది. (క్రాఫు గుట్ట మీది గుడిలో తలనీలాలిచ్చిన మొక్కు తాలూకుదనీ, బూట్లు బావమరిది పెళ్లిలో పెట్టినవనీ తరువాత తెలిసింది.)

"మల్లేశం అనే అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?"

చాంద్ పాషా నావైపు చూడకుండానే అందుకున్నాడు. "వాడేం జేస్తడు సార్! తింటడు, పంటడు. జర పక్కకు దొర్లాల్నన్నా వానికి బద్ధకమే."

"సేవా కార్యక్రమాలు?"

"సేవనా? కన్నతల్లికే గిలాసెడు నీళ్లియ్యడు," అన్నాను నేను.

దారిన పోతున్న మా చిన్నవ్వ ఐలమ్మ ఆగింది. "గా మల్లిగాని కోసమా? వాడు గడప దాటక ఎన్నేండ్లాయె బిడ్డా!" అని నా భుజం మీద చెయ్యేసి మరీ చెప్పింది.

ఆయన మొహం వాడింది. "రక్తదానం చేశాడని విన్నానే?"

"రక్తమా! దోమ కుడితేనే సోయి తప్పుతడు సార్," అన్నాను.

రక్తదానంతో పోలీసులకేం పని అని మీరు అడగవచ్చు. నేనే అడగలేదు.

"మరి మీ పేరు?"

మల్లేశమని అనలేను కదా! "యాదగిరి సార్."

ఆయన కళ్లు మెరిశాయి. "మీరేనా! మీరేం చేస్తుంటారు?"

పాపం, దోస్తును పోలీసులకు పట్టివ్వకూడదు కదా. ఉద్యమం ఊసెత్తకుండా నా మంచి పనులన్నీ వాడి నెత్తిన పెట్టాను. "రాత్రి బడి నడుపుత సార్. రక్తమిస్త. ముసలోళ్లను దవాఖానకు తోల్కపోత."

ఆయన నా చెయ్యి గట్టిగా ఊపి, అందరి చాయ్ డబ్బులూ ఇచ్చి వెళ్లిపోయాడు.

"అరే మల్లేశ్, చాయ్ పైసలిచ్చిండంటే పోలీసు కాదేమోర," అన్నాడు చాంద్ పాషా.

"ఏంది భాయ్, బూట్లు సూడలే?" అన్నాను.

తాడును చూసి పామనుకోవడం అందరూ చేసేదే. అదే తాడుతో తనను తాను కట్టేసుకున్నవాణ్ణి నేనే. పది రోజులకు కబురొచ్చింది: యాదగిరి ఎంపికయ్యాడు. నిజం చెబుదామంటే ఊరి కట్టుబాటు బయటపడుతుంది. హైదరాబాదులో ఆ సంస్థకు పోతే, ఆ బూట్లాయనే యాదగిరిని చూసి, "కొంచెం మారినట్టున్నారే," అన్నాడట. "దీక్షల్ల కూసుండి చిక్కిన సార్," అన్నాడట వీడు. పోతూ పోతూ మా అమ్మ దగ్గర గొంగడి కూడా పట్టుకుపోయాడు.

కొన్నాళ్లకు ఇంకొకాయన వచ్చాడు. చింపిరి జుట్టు, రబ్బరు చెప్పులు. "మల్లేశం ఎవరు తమ్మీ?" అన్నాడు. నేను పాఠం నేర్చుకున్నవాణ్ణి కదా, ఛాతీ విరిచాను. "నేనే! రాస్తారోకోల ముందుగాల కూసున్నది నేనే, వంటావార్పుల పొయ్యి పెట్టింది నేనే!"

"మంచిది. బండెక్కు," అన్నాడాయన.

ఠాణా బల్ల మీద కూర్చుని, కొండంత గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో బూట్లు చూసి మనిషిని తేల్చను. ఎదుటివాడి పేరు, ఊరు, వచ్చిన పని తెలుసుకోనిదే నా పేరు చెప్పను. ఈ అలవాటే ముదిరి తరువాతెప్పుడో నన్ను విలేకరిని చేసింది.

ప్రతిజ్ఞ ఒక్కసారీ తప్పలేదు. ఏడాది తరువాత ఎవరో తలుపు తడితే, తియ్యకుండానే పోలీసులా గద్దించి అడిగాను. "పేరు?"

"మల్లేశం," అన్నాడు జర్మనీ నుంచి తిరిగొచ్చిన యాదగిరి.