తేదీ లేని రక్షణ

సంఘపెద్ద గౌరీశంకర్ గారి నోరు మూయించిన మనిషిని బంగారమ్మ ఇన్నేళ్ళలో ఒక్కర్తెనే చూసింది. ఆ ఒక్కర్తె తన పక్కింటి పద్మకుమారి కావడం ఆవిడకి ఇప్పటికీ గొప్పే.

ఆ సాయంత్రం బిర్సానగర్‌లో పద్మకుమారి ఇంట్లో గృహకూటం. గోల్‌మురి తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు ప్రార్థనకి వచ్చి ముందుగదిలో చాపల మీద సర్దుకు కూర్చున్నారు. బంగారమ్మ గుమ్మం దగ్గర పీట వేసుకుంది. ఆవిడ ఆ మతం మనిషి కాదు. నుదుట రూపాయి కాసంత బొట్టు. మొగుడు పోయినా తియ్యలేదేమని ఎవరైనా అడిగితే, "పెట్టింది మా అమ్మ, మొగుడు కాదు" అని కసిరేది. కూటానికి వచ్చేది చివర్లో ఇచ్చే టీ కోసమేనని పైకే చెప్పేది కూడా.

గౌరీశంకర్ గారు లారీల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు. మంచివాడే. కాకపోతే ప్రతిదానికీ తేదీ కావాలి ఆయనకి. రక్షణ ఏ రోజున పొందారో, అంటే ప్రభువుని ఏనాడు నమ్ముకున్నారో, లేచి చెప్పమన్నాడు. ఒకావిడ ఉపవాస కూటాల్లో మూడోరోజంది. ఇంకొకావిడ నెలా తేదీ సహా అప్పజెప్పింది. పద్మకుమారి వంతు వచ్చింది.

"నాకు తేదీ తెలీదండి బాబూ."

"అదేంటి సిస్టర్? పుట్టినరోజు తెలియకపోతే పుట్టావని రుజువేంటి?"

"ఎదురుగుండా కూకున్నాను కదండీ, ఇంకా రుజువెందుకు?"

చాపల మీద కిసుక్కుమన్నారు. ఆయనకి రోషం వచ్చింది. "నవ్వులాట కాదమ్మా. టికెట్టు లేకుండా రైలెక్కితే టీటీ ఊరుకుంటాడా? దించేస్తాడు. రక్షణ కూడా అంతే."

"సంకలో పిల్లకి టికెట్టేటండి?" అంది పద్మకుమారి, గొంతు పెంచకుండానే. "నాను ఎక్కలేదు బాబూ. ఆయనే ఎత్తుకొని ఎక్కించీసేడు. నిద్దర్లో ఉన్న పిల్లకి ఏ టేసన్లో ఎక్కిందో ఏటి తెలుత్తాది? టీటీ వత్తే నన్ను ఎత్తుకున్నోడినే అడగమనండి."

బంగారమ్మ పీట మీంచి పడినంత పని చేసింది నవ్వలేక. గౌరీశంకర్ గారు మంచినీళ్ళు తాగి, పాట ఎత్తుకోమన్నాడు.

పద్మకుమారి టెక్కలి వైపు నుంచి పెళ్ళికూతురుగా ఈ టాటా ఊరొచ్చింది. మొగుడు పోలరాజు ఠేకా కూలీ, అంటే కాంట్రాక్టు మనిషి; గోల్‌మురి వైపు ఏ గోదాములో పనుంటే అక్కడికి సైకిలు తొక్కేవాడు. ఆమె టెల్కో కాలనీ క్వార్టర్లలో రెండిళ్ళకి వంట చేసేది. ప్రభువు దగ్గరికి ఎలా వచ్చావే అని బంగారమ్మ చాలాసార్లు అడిగింది. ఒకసారి పిల్లకి జ్వరమొచ్చినప్పుడు అనేది. ఒకసారి, వంట చేసే ఇంట్లో రేడియోలో ఒక పాట విన్నప్పుడు అనేది. ఇంకోసారి, ఏమో పిన్నీ, ఒకనాడు దణ్ణం పెట్టబోతే నోట్లోంచి ఆ పేరొచ్చింది అనేది. అన్నీ నిజమే అయ్యుంటాయి. ఆమె అబద్ధమాడితే బంగారమ్మకి ఇట్టే తెలిసిపోతుంది.

తెలియక ఏం చేస్తుంది? రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. ఆ పక్క చెంచా కిందపడితే ఈ పక్క వంగి తీసుకోవాలనిపిస్తుంది. పొద్దున పొయ్యి వెలిగించేటప్పుడు ఒకసారి, సాయంత్రం వెలిగించేటప్పుడు ఒకసారి, పద్మకుమారి ప్రార్థన గోడ దాటి వచ్చేది. పెద్ద ప్రార్థన కాదు. "ప్రభువా, ఈ పూట గట్టెక్కించు." అంతే. తర్వాత గిన్నెల చప్పుడు.

"ఒసే పద్మా, పూటకోసారి ఆయన్ని లేపడమెందుకే? ఏడాదికి సరిపడా ఒకేపాలి అడిగీరాదా? ఆయనకీ కాస్త పని తగ్గుతాది" అని దెప్పింది ఒకరోజు బంగారమ్మ, కుళాయి దగ్గర.

"ఏడాదికి సరిపడా అన్నం ఒకేపాలి వండుతావేటి పిన్నీ? పాసిపోదా?"

బంగారమ్మ బిందె ఎత్తుకుంది.

ఆ గోడలోంచి ప్రార్థనొక్కటే రాలేదు. తొలి ఏళ్ళలో పోలరాజు బూతులు వచ్చేవి. గాజులు చిట్లిన చప్పుడు వచ్చేది. ఒక మధ్యాహ్నం పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి అతను చెయ్యెత్తితే, పిల్ల తనుశ్రీ కేక వినబడింది. బంగారమ్మ రోకలి పట్టుకుని వెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడింది.

"ఒరే పోలరాజూ! ఇంకోపాలి ఆ సప్పుడు నాకినబడిందా, ఈ రోకలికి నీ నడ్డి తప్ప ఏరే పనుండదు. సెప్తన్నాను."

పద్మకుమారి ఏడవలేదు. పిల్లనెత్తుకుని బంగారమ్మ ఇంటికి వచ్చేసింది. వానాకాలమంతా అక్కడే ఉంది. పోలరాజు రోజూ వచ్చి సందులో నిలబడి వెళ్ళిపోయేవాడు. చివరికి ఆమె గుమ్మంలోకి వచ్చి రెండే మాటలు చెప్పింది. మళ్ళీ చెయ్యి లేస్తే ఆ రోజే పోలీసు స్టేషను. ఆదివారం ఆరాధన అయ్యేసరికి అతనే వచ్చి ఇంటికి తీసుకెళ్ళాలి. ఒప్పుకున్నాడు. లోపల భయపడ్డాడు కూడా. భయపడడం మంచిదే అంది బంగారమ్మ.

అలా అతను చర్చికి రావడం మొదలుపెట్టాడు. లోపలికి కాదు. ఎదురుగా కల్వర్టు మీద కూర్చుని బీడీ కాల్చేవాడు. ఎండ ముదిరాక గేటు పక్క నీడలోకి జరిగాడు. ఒక వానలో వరండా ఎక్కాడు. ఎప్పటికో చివరి బెంచీ మీద కనబడ్డాడు. లోపలికి పిలవమని పాస్టరు అయ్యగారు చెప్పినా పద్మకుమారి పిలవలేదు. "నాను పిలిత్తే నాకోసం వత్తాడు. అది మూడురోజుల ముచ్చట" అనేది.

గోడ కూడా మెల్లగా మారింది. బూతులు పలచబడ్డాయి. కొన్నాళ్ళకి సగంలో ఆగిపోయే బూతులు వినబడ్డాయి, నాలిక కరుచుకున్నట్టు. ఆ తర్వాత చాలాకాలం ఏమీ లేదు. ఒక పొద్దున్న బంగారమ్మ ఆకుకూర తరుగుతూ చెయ్యి ఆపింది. "ఈ పూట గట్టెక్కించు" అన్న మాట రెండు గొంతుల్లో వచ్చింది, ఒకటి సన్నగా, ఒకటి బీడీ పొగకి బొంగురుపోయి. సందులో ఎవరి పెళ్ళి ఎప్పుడయిందో, ఎవరి గేదె ఎప్పుడీనిందో నాలిక చివర ఉంచుకునే బంగారమ్మకి, అది ఏ రోజో మాత్రం గుర్తులేదు.

ఈ ఏడాది పోలరాజు బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. వానలు పడి సువర్ణరేఖ నది పొంగేలోపు ఇవ్వాలని అయ్యగారు అనుకున్నారు. కానీ ఆ సంఘంలో ఒక పద్ధతుంది. నీళ్ళలోకి దిగేవాడి గురించి, సంఘానికి చెందని ఇరుగుపొరుగు మనిషొకరు ముందు ఆదివారం నిలబడి చెప్పాలి. మారాడా లేదా అన్నది ఇంటివాళ్ళ కంటే పక్కింటివాళ్ళకే తెలుస్తుందని ఎప్పుడో పెట్టిన పద్ధతి. వచ్చిన ప్రతివాళ్ళూ, "చీమకి హాని చెయ్యడండి, దేవుడిలాంటి మనిషండి" అని పొగిడి, బిర్యానీ తిని వెళ్ళిపోయేవాళ్ళు. కిందటేడు అలా పొగిడించుకున్నవాడొకడు నెల తిరక్కుండానే తాగొచ్చి చర్చి గేటు విరగ్గొట్టాడు. అప్పట్నుంచి గౌరీశంకర్ గారు సాక్షుల్ని గుచ్చి గుచ్చి అడగడం మొదలుపెట్టాడు.

"తేదీ సంగతి వదిలేస్తున్నాను సిస్టర్, నీతో నేను నెగ్గలేను" అన్నాడు పద్మకుమారితో. "సాక్ష్యం మాత్రం గట్టిగా ఉండాలి. పంచదార పూసిన మాటలు చెప్పారా, ఈసారికి పోలరాజు ఆగాల్సిందే. మళ్ళీ ఏడాది చూద్దాం."

మళ్ళీ ఏడాది అన్న మాటకి పోలరాజు మొహం వాడిపోయింది. ఎన్నేళ్ళుగానో మెట్టు మెట్టుగా జరిగి వచ్చిన మనిషి. ఇప్పుడు ఆగమంటే మళ్ళీ కల్వర్టు మీదికి పోతాడేమోనని పద్మకుమారి భయం. పైకి అనలేదు గానీ, ఆ సాయంత్రం గోడ అవతల ప్రార్థన ఎప్పటికంటే కాస్త పొడుగ్గా సాగింది.

మర్నాడు ముగ్గురూ బంగారమ్మ ఇంటికి వచ్చారు. పద్మకుమారి, కాలేజీకి వెళ్ళే తనుశ్రీ లోపలికి వచ్చారు. పోలరాజు సైకిలు హ్యాండిలు పట్టుకుని సందులోనే నిలబడ్డాడు.

వాళ్ళు నోరు తెరవకముందే బంగారమ్మ అందుకుంది. "తెలుసులేవే. నానే వత్తాను. ఇలాంటి మొగుడు ఈ టాటా మొత్తంలో లేడని సెప్పీగల్ను. ఆ గౌరీశంకరం ఏటడుగుతాడో అడగనీ, నువ్వొకపాలి మూయించేవు, నాను రెండోపాలి మూయిత్తాను."

పద్మకుమారి తల అడ్డంగా ఊపింది. "మూయించడానికి కాదు పిన్నీ. నువ్వు పొగడొద్దు."

"మరి తిట్టమంతావేటి?"

"ఆయన నన్ను కొట్టీవోడని సెప్పు."

బంగారమ్మ చేతిలో చాట ఆగిపోయింది. ఆ సంగతి ఆవిడ సందులో ఒక్కరి దగ్గర కూడా నోరు జారలేదు. ఎవరైనా ఆరా తీస్తే, "ఆళ్ళింట్లో పిల్లి" అని తోసేసేది. గోడ అవతలిది గోడ అవతలే ఉండాలని ఆవిడ పట్టుదల, అందులో ఆవిడ పరువూ ఉంది.

"మతి పోనాదేటే? నలుగుర్లో ఆ మాట నా నోటంట రప్పిత్తావా? ఈ పిల్ల మొహమెక్కడ పెట్టుకుంతాది?"

తనుశ్రీ నవ్వింది. "బోల్ దో నా, నానీ. ముఝే కోయీ శరమ్ నహీ" అంది. చెప్పెయ్యమంది, తనకేం సిగ్గు లేదట.

బంగారమ్మ సందులోకి చూసింది. "నీకో? నువ్వేటంతావురా?"

పోలరాజు తల ఎత్తలేదు. "నానే అడగమన్నాను పిన్నీ" అన్నాడు. "దాసీసి నీళ్ళల్లోకి దిగితే తడిసి రావడమే అవుతాది. నాను సెప్పుకుందుమంటే నాకు మాటలు రావు. విన్నదానివి నువ్వు."

సందులోంచి పిల్లలు గోల చేస్తూ పరిగెత్తారు. బంగారమ్మ చాట కింద పెట్టింది. ఈ ఊళ్ళో ఆవిడని అప్పడిగిన వాళ్ళున్నారు, ఆకు అడిగిన వాళ్ళున్నారు. అబద్ధం చెప్పకుండా, గెలవకుండా, ఉన్నది ఉన్నట్టు మాట్లాడమని మాత్రం ఎవరూ అడగలేదు.

"ఆ గౌరీశంకరం ఒప్పుకోకపోతే? అది విని ఇంకో ఏడాది ఆగమంతే?"

"ఆగుతాడు" అంది పద్మకుమారి. ఆ మాట అనడానికి ఆమెకి కొంత కష్టమయింది. "ఆగినా నిజం మీద ఆగుతాడు. ఆదివారం నువ్వు నిలబడి మొదట విన్న బూతు కాణ్ణుంచి సెప్పు పిన్నీ. గాజులు సెప్పు, పిల్ల కేక సెప్పు. ఆ తరవాత నీకేటి వినబడ్డాదో, ఏటి వినబడ్డం మానీసిందో అదీ సెప్పు. నా మొహం సూసి ఒక్క మాటా తగ్గించకు."