బ్యాటు మీద ఒట్టేసి విశాఖ బస్సెక్కిన రోజు

డెబ్బైల చివరి రోజుల మాట. సబ్బవరం సంతలో స్టూలెక్కి, మైకు లేకుండా ఆ చివరి కూరగాయల కొట్టు దాకా వినబడేట్టు పశ్చాత్తాపం గురించి ప్రకటించిన మనిషిని నేను. తాగినవాళ్ళు మట్టిబెడ్డలు విసిరినా గొంతు తగ్గించలేదు. అలాంటివాణ్ణి, చిటికెడు బరువైనా లేని బంతి ఎదురుగా వస్తుంటే చేతులు వణికి చచ్చేవాణ్ణి! టేబుల్ టెన్నిస్ నాకు దేవుని వాక్యం చెప్పడం అబ్బినట్టే గురువు లేకుండా అబ్బింది. నా సైకిళ్ళ రిపేరు కొట్టు కట్టేశాక మా ప్రార్థన మందిరం వెనక గదిలో రెండు తలుపు చెక్కలు జత చేసుకుని ఆడేవాళ్ళం. అక్కడ నన్ను ఓడించినవాడు లేడు. కానీ జిల్లా జట్టు ఎంపిక పోటీలకు మూడేళ్ళు వరుసగా విశాఖపట్నం వెళ్ళి, మూడుసార్లూ మొదటి ఆటలోనే ఓడి తిరిగొచ్చాను. నాలుగో ఏడు, పోటీకి ముందు ఆదివారం ఆరాధనలో, సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. భయమంటే అవిశ్వాసమేనని అప్పటికి ఎన్నిసార్లు ఉరిమి ఉన్నానో లెక్కలేదు. ఆ ఊపులోనే అనేశాను: "ఈసారి కూడా మొదటి ఆటలో ఓడిపోతే బతికున్నన్నాళ్ళూ పోటీలో బ్యాటు పట్టను. ప్రభువు ఎదుట ఒట్టు!" సంఘమంతా ఆమెన్ అంది. కూర్చున్నాక గానీ నేనేమన్నానో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ దారిలో వెళ్ళేవారికి అంతా ఒకే ఊరిలా కనబడుతుంది గానీ, అప్పుడు సబ్బవరం నుంచి విశాఖ వెళ్ళడమంటే ప్రయాణమే. పొద్దున్న అయిదింటికి మొదటి బస్సు. టిక్కెట్టు రూపాయిన్నర. పెందుర్తి దాకా రెండు పక్కలా చెరకు, వరి, జీడిమామిడి తోటలు. గోపాలపట్నం దాటాక గాలి వాసన మారేది. ఆ పక్కన ఉక్కు కర్మాగారం వస్తోందని, వస్తే ప్రతి ఇంటికీ ఉద్యోగమని బస్సులో అందరూ చెప్పుకునేవారు. నా ఒళ్ళో గుడ్డసంచి. అందులో పరిశుద్ధ గ్రంథం, దాని పక్కన బ్యాటు. పక్క సీట్లో బెల్లం దిమ్మల గోనె పెట్టుకున్న ఒక రైతు సంచిలోకి తొంగి చూశాడు.

"ఏటి బాబూ అది, అట్లకాడేటి?"

"ఆడుకునే బ్యాటు."

"పుస్తకం దేవుడిదే కదా? రెండూ ఒకే సంచిలో ఎట్టుకున్నావు. తగువాడుకోవేటి?"

నవ్వాలనిపించింది, నవ్వలేకపోయాను. ఆయన తమాషాకి అన్న మాటే వారం రోజులుగా నా గుండెలో తిరుగుతోంది.

ఆరున్నరకి బస్టాండులో దిగి రిక్షా ఎక్కాను. ఫిషింగ్ హార్బర్‌కి రూపాయి. మా అక్క భర్త ప్రకాశం బావ అక్కడ ఐసు ఫ్యాక్టరీలో మెషిను ఆపరేటరు. యవ్వనంలో టేబుల్ టెన్నిస్ బాగా ఆడినవాడు. బంతిని కొట్టి గెలిచే రకం కాదు. వెనక్కి జరిగి, ఎదుటివాడు ఎంత గట్టిగా కొట్టినా కోసి కోసి తిప్పి పంపుతూ, వాడికి విసుగు పుట్టించి గెలిచే రకం. ఆ కోతనే ఆటగాళ్ళు చాప్ అంటారు. మూడేళ్ళుగా తన దగ్గర నేర్చుకోమని బావ చెబుతూనే ఉన్నాడు. దాడి చేయని ఆట నా రక్తానికి పడదని నేను వెళ్ళలేదు. గుర్రుమనేవాడికి గుర్రుమనే ఆటే కావాలి కదా! ఆ రోజు మాత్రం గతిలేక, పోటీకి మూడు గంటల ముందు వెళ్ళాను.

నేను చేరేసరికి చేపల వేలంపాట ముగింపుకొచ్చింది. తడిసిన సిమెంటు మీద కోనాం, చందువా చేపల రాశులు. పాటగాడి నోట అంకెలు వానలా పడుతున్నాయి. బావ మోకాళ్ళ దాకా లుంగీ ఎగ్గట్టి, ఐసు పొడి అంటిన చేతులతోనే నన్ను వాటేసుకున్నాడు. "మొత్తానికి వచ్చీసినావా! మూడేళ్ళు పట్టింది తవరికి. ముందు తిను." ఎదురుగా నూకాలమ్మ బడ్డీ. ప్లేటు ఇడ్లీ ముప్పై పైసలు, మీద నిన్నటి చేపల పులుసు ఉచితం. ఇంత మంచి అల్పాహారం ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ తినలేదని ఇప్పుడంటాను గానీ, అప్పుడు రెండో ముద్ద దగ్గరే ప్లేటు పక్కన పెట్టేశాను.

నూకాలమ్మ గరిటె ఆపి నా వైపు చూసింది. "ఏటి బాబూ, నా పులుసు బాగోలేదా?"

"ఆడికి ఆట ఉందే, భయం," అన్నాడు బావ.

"ఆటకి భయమేటి! మా ఆయన రోజూ సముద్దరం మీదకి ఎల్తన్నాడు. ఆడికీ సేతులు వణుకుతాయి, పడవెక్కినప్పుడల్లా. వణుకుతానే వల ఏత్తాడు. తినీ, తినీ."

ప్లేటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. వణుకు పోయాకే పని మొదలవుతుందని నా నమ్మకం. వణుకుతూ పని చేయవచ్చని ఆ తల్లి నాకు పులుసు పోస్తూ చెప్పింది. పడవ దిగి నీళ్ళ మీద నడిచిన ప్రభువు శిష్యుడి గురించి నేను పదిసార్లు ప్రసంగించాను, ఎందుకు మునిగాడని గద్దించాను. భయపడుతూనే పడవలోంచి కాలు బయట పెట్టాడన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

ఐసు ఫ్యాక్టరీ వెనక కార్మికులు విశ్రాంతి తీసుకునే రేకుల షెడ్డు ఉంది. అందులో ప్లైవుడ్డు బల్ల. నెట్టు స్థానంలో చిరిగిన చేపల వల ముక్క బిగించి ఉంది. కరిగిన ఐసు నీళ్ళతో నేలంతా చిత్తడి. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా బావ నాకు పెట్టిన ఆజ్ఞ ఒక్కటే: కొట్టకూడదు.

మొదటి బంతికే నేను ముందుకి ఉరికాను. కాలు జారి బల్ల అంచుకి మోచెయ్యి కొట్టుకుంది.

"అదిగో! అందుకే ఇక్కడికి తెచ్చీసినాను," అన్నాడు బావ. "ఈ నేల మీద ఉరికితే పడతావు. రెండడుగులు ఎనక్కి జరుగు. మోకాళ్ళు వంచు. బంతి పైకి లెగుత్తాది, లెగనీ. దిగుత్తాది, దిగనీ. నడుం కాడికి వచ్చేక అప్పుడు కింద నుంచి కొయ్యి. కొబ్బరికాయ కొట్టినట్టు కాదు బావా, పనసకాయ తొన తీసినట్టు, మెల్లిగా."

"దిగేదాకా ఆగితే ఆలస్యమైపోదా?"

"నీకు ఆలస్యమనిపిత్తాది. బంతికి కాదు."

గంటన్నరలో నా చొక్కా పిండితే నీళ్ళు కారేలా తడిసింది. చిత్రమేమిటంటే, ఆగడం నేర్చుకున్న కొద్దీ చేతి వణుకు తగ్గలేదు గానీ అడ్డం రావడం మానేసింది. బంతి దిగే ఆ రెప్పపాటులో ఊపిరి వదలడానికి నాకు చోటు దొరికింది. అప్పటిదాకా ఊపిరి బిగబట్టే ఆడేవాణ్ణని అప్పుడే తెలిసింది.

పోర్టు వైపు ఒక పాత హాలులో పోటీ. బావ నా వెంటే వచ్చాడు. పదిన్నరకి పిలిచారు. నా ఎదుట మూర్తి అని ఒక కంపెనీ జట్టు కుర్రాడు, జిల్లాలో పేరున్న స్మాషరు, బంతిని బాది గెలిచే రకం. అప్పట్లో గేము ఇరవై ఒక్క పాయింట్లు, మూడు గేముల్లో రెండు గెలిచినవాడిదే ఆట. మొదటి గేము ఇరవై ఒకటి పన్నెండుతో పోయింది. నేర్చుకున్నదంతా మరచి పాత రోషంతో ఎదురు కొట్టాను. గేముల మధ్య బావ తువ్వాలు ఇచ్చి చెవిలో అన్నాడు, "ఇది ఐసు షెడ్డే అనుకో. నేల తడిగా ఉంది. పడతావు." ఒక్క నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే రెండడుగులు వెనక్కి జరిగాను. రెండో గేము ఇరవై ఒకటి పదహారు, నాదే.

మూడో గేములో ఒక్కో పాయింటుకు ముప్పై, నలభైసార్లు బంతి అటూ ఇటూ తిరిగింది. మూర్తి కొడుతున్నాడు, నేను కోస్తున్నాను. పధ్నాలుగు పదమూడు దగ్గర అంపైరు గడియారం చూసి ఆట ఆపాడు. పావుగంట దాటినా గేము తేలకపోతే వర్తించే నియమం ఒకటుంది. నేనెప్పుడూ వినలేదు, ఎందుకంటే నా ఆటలు అంతసేపు సాగిందెప్పుడు! ఆయన ఇద్దరికీ విడమరిచి చెప్పాడు. ఇక నుంచి ఒక్కో పాయింటుకీ సర్వీసు చేతులు మారుతుంది. సర్వీసు చేసినవాడు వేగంగా పాయింటు తేల్చుకోవాలి. ఎదుటివాడు పదమూడుసార్లు బంతిని సరిగ్గా తిప్పి పంపేస్తే పాయింటు వాడిదే. పక్కన ఒకాయన నిలబడి గట్టిగా లెక్కపెడతాడు. అంటే మూర్తి సర్వీసులో నాకు మేలు, నా సర్వీసులో నేను కొట్టి తీరాలి.

పందొమ్మిది ఇరవై. మూర్తి సర్వీసు. ఈ పాయింటు పోతే బ్యాటు పోయినట్టే. "ఒకటి... రెండు..." హాలులో ఆ లెక్క తప్ప చప్పుడు లేదు. చెయ్యి వణుకుతోంది. వణకనీ అనుకున్నాను. లెగనీ, దిగనీ. "పదకొండు... పన్నెండు... పదమూడు!" ఇరవై ఇరవై. బావ ఈల హాలు పైకప్పుకి తగిలింది.

తర్వాత నా సర్వీసు. ఓపిక పట్టి, నాలుగో బంతికి కొట్టాను. భయంతో కాదు, చూసి కొట్టాను. బల్ల అంచు దాటి వేలెడు దూరంలో పడింది. ఇరవై ఇరవై ఒకటి. మళ్ళీ మూర్తి సర్వీసు. పన్నెండు తిప్పి పంపాను. నేను కోసిన పదమూడో బంతి నెట్టు పైఅంచుకి తగిలి, అక్కడే ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, నా వైపే రాలింది.

ఓడిపోయాను. వంగి బంతి తీసి మూర్తికి ఇస్తూ నా చెయ్యి చూసుకున్నాను. రాయిలా ఉంది.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. ఎంపిక సంఘం పెద్దాయన ఒకరు కుర్చీలోంచి లేచి వచ్చారు. "ఇలా డిఫెన్సు ఆడేవాడు మన జిల్లాలో లేడయ్యా. ఓడితే ఓడావు, నిన్ను రిజర్వులో తీసుకుంటాం. పేరు రాయించు," అన్నారు. నాలుగేళ్ళ కోరిక! నోటి దాకా వచ్చిన అన్నం! అంతలోనే ఆదివారం వేసిన ఒట్టు గుర్తొచ్చింది. పరిశుద్ధ గ్రంథంలో ఒక న్యాయాధిపతి ఉన్నాడు. యుద్ధం గెలిస్తే ఇంటి వాకిట్లోంచి మొదట ఎదురొచ్చినదాన్ని బలిస్తానని తొందరపడి మొక్కుకుని, గెలిచి ఇంటికొచ్చి, కన్నకూతురినే పోగొట్టుకున్నవాడు. ఆ అధ్యాయం మీద ఎన్నిసార్లు మాట్లాడానో! ఆ రోజు ఆయన వాకిట్లో నేనే నిలబడ్డాను.

"క్షమించండి. నేను రాలేను," అన్నాను.

బయటికొచ్చాక బావ రోడ్డు మీదే విరుచుకుపడ్డాడు. "రాలేవా? ఎందుకు రాలేవు?" ఒట్టు సంగతి చెప్పాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "ఎవులడిగేరు బావా నిన్ను ఒట్టెట్టమని? దేవుడడిగేడా? ఆడు ఊరుకున్నాడు, నువ్వే ఊరుకోలేదు! మనిసికిచ్చిన మాటైతే నాను పోయి కాళ్ళట్టుకుని ఇడిపిద్దును. ఆడి కాడికి ఎల్లి నానేటి సెప్పను?"

బ్యాటు తీసి బావ చేతిలో పెట్టాను. ఆయన తీసుకోలేదు. రెండోసారి పెడితే తీసుకుని, లుంగీతో దాని రబ్బరు తుడిచి, చంకలో పెట్టుకున్నాడు. నాలుగింటి బస్సుకి నన్నెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "బేగి ఎల్లు, అక్కకి నాను సెప్తాను," అన్నాడు. పెందుర్తి దాటేదాకా సంచి బరువు తగ్గినట్టు ఒళ్ళోకి తెలుస్తూనే ఉంది.

మళ్ళీ పోటీ ఆడలేదు. ప్రకాశం బావ ఇప్పుడు లేడు, ఆ షెడ్డూ లేదు. విశాఖ వెళ్ళినప్పుడల్లా హార్బరు దాకా వెళ్ళి కాసేపు నిలబడి వస్తాను. మాట నిలబెట్టుకున్నందుకు నాకు ఏనాడూ చింత లేదు. ఆ మాట ఇచ్చినందుకే చింత. భయం నా పాపమనుకుని దానికి శిక్ష వేసుకున్నాను. తీరా చూస్తే ఆ రోజు భయం నన్ను ఓడించలేదు, నెట్టు అంచు ఓడించింది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నా గొంతు ఇప్పటికీ తగ్గలేదు, నా సభలకు వచ్చినవారు సాక్షులు. అయితే ఆ తర్వాత ఏ కూటంలోనూ, ఎంత కన్నీళ్ళతో వచ్చినవాడి చేతనైనా, నేను ఒట్టు పెట్టించలేదు. చెయ్యెత్తబోయినవాడి చెయ్యి పట్టుకుని కిందికి దించి, ఇంటికెళ్ళి భోంచేసి పడుకోమని చెప్పి పంపుతాను.

పోటీకని విశాఖ వెళ్ళేవారికి ఒక్క సలహా. ఒక గంట ముందే హాలుకు చేరి, మీరు ఆడబోయే బల్ల మీదే పది నిమిషాలు బంతి ఆడించి చూసుకోండి. సముద్రపు తేమకి అక్కడ బంతి మన ఊరిలో లేచినంత ఎత్తు లేవదు. అది ముందే తెలిసినవాడు ఒక పాయింటు ఎక్కువతో మొదలుపెట్టినట్టే.