బసవమ్మ గెనుసుగడ్డల మడి

గద్వాలలో బసవమ్మకు కోపం తెప్పించగల జీవి ఒక్కటే, పందికొక్కు. భర్త చెన్నయ్యతో కలిసి పొద్దంతా మగ్గం పనిలో ఉండే మనిషి, చెయ్యి ఖాళీ కాగానే పెరట్లోకి ఉరికేది. గోడవారనున్న గెనుసుగడ్డల మడే ఆమె సినిమా, ఆమె పుట్టిల్లు. శివరాత్రి ఒక్కపొద్దుకు ఇంట్లో పండిన గెనుసుగడ్డలే, అదే చిలగడదుంపలే, ఉడికించాలని ఆమె పంతం. మూడేళ్ళుగా తీగలు మాత్రం దివ్యంగా పాకుతున్నాయి. తవ్వి చూస్తే పంటిగాట్ల తొక్కలే!

"ఒదినె గడ్డలేసేది మనకు కాదు, పందికొక్కులకు," అని పక్కింటి ఆడబిడ్డ ఉమ ఏడిపించేది. చెన్నయ్య అంతకన్నా ఘోరమైన మాటన్నాడు.

"ఈ యేడు గూడ పోతే ఆడ సిమెంటు ఏపిస్త. పడుగు దారాలు సాపుకోనీకి జాగైతది."

బసవమ్మ ఊరుకుంటుందా? వెంటనే కొంగు బిగించి పార పట్టింది. మడినంతా రెండడుగుల లోతు తవ్వి, అడుగున ఇనుప జాలి పరిచి, దాని అంచులు మట్టిపైకి తేలేలా మలిచి, మళ్ళీ మట్టి నింపాలని ఆమె ఎత్తు. మడి పొడవు పదిహేను మూరలు. సిమెంటు మాటన్న పెద్దమనిషే జాలి దగ్గర మెత్తబడ్డాడు.

"కొనుడెందుకే? తీగ తే, నేనే అల్లుత. ముప్పై ఏండ్ల చెయ్యి ఇది."

అల్లాడు కూడా! మేకులకు నిలువు తీగలు బిగించి, అడ్డం తీగలు దూరుస్తూ, మధ్యమధ్య మీసం దువ్వుకుంటూ. వీధి వీధంతా వచ్చి చూసింది. "అంచు ఏం రంగు అన్నా?" అని ఉమ అడిగితే పాపం నిజంగానే ఆలోచించాడు.

కార్తీకంలో తీగలు నాటారు. పుష్యంలో ఒకరోజు బసవమ్మ నీళ్ళు పోయబోతే, మడి లోపల, అంచులకు దూరంగా కొత్త మట్టి కుప్ప కనబడింది. అంచుల దగ్గర గీత కూడా లేదు. పార తెచ్చి అక్కడే తవ్వింది. చేత్తో తడిమితే జాలి తగలాల్సిన చోట చెయ్యి సర్రున కిందికి జారింది. నాలుగు వేళ్ళ మేర అడ్డం తీగే లేదు. నిలువు తీగలను పక్కకు నెట్టి పందికొక్కు దర్జాగా వచ్చిపోతోంది.

"ఏమయ్యా, ఏందిది?"

చెన్నయ్య వంగి చూశాడు. మడి కొస నుంచి మూర పెట్టి కొలిచాడు. సరిగ్గా పన్నెండు మూరలు. మొహం పాలిపోయింది.

"కోసుకోనీకి... ఇడిసిన."

మగ్గం మీద ఒక చీర ముగిశాక, కోసి విడదీయడానికి నాలుగు వేళ్ళ పడుగు నేయకుండా వదిలి, రెండో చీర మొదలుపెడతారు. పన్నెండు మూరలు రాగానే ఆయన చెయ్యి ఆయన్ను అడక్కుండానే ఆ పని చేసేసింది.

"అంటే పందికొక్కులకు చీర నేసినవా?"

బసవమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి మట్టిలోనే కూలబడింది. ఆయన మొదట ఉడుక్కున్నాడు, తర్వాత ఆమె పక్కనే కూలబడి పొట్ట పట్టుకున్నాడు. గోడమీంచి చూసిన ఉమ, వీళ్ళకు ఏ గాలో సోకిందేమోనని నీళ్ళ చెంబుతో ఉరికొచ్చింది.

నవ్వులు తగ్గాక చెన్నయ్య గుంతలో బోర్లా పడుకున్నాడు. మగ్గం మీద సగం చీర ఉన్నా రెండు రోజులు దాని వైపే చూడలేదు. చీరకు అంచు కలిపినంత ఓపికగా, తీగను తీగలో మెలేసి ఆ సందు మూశాడు.

శివరాత్రి సాయంత్రం బసవమ్మ మడి తవ్వింది. మొదటి గడ్డ నున్నగా, ఒక్క పంటిగాటు లేకుండా బయటికొచ్చింది. రెండోదీ అంతే! గంప నిండింది. ఆమె గడ్డలు ముద్దు పెట్టుకుంటుంటే, మట్టంతా మూతికంటిందని ఉమ పడీపడీ నవ్వింది. పూజయ్యాక ముగ్గురూ ఉడికిన గడ్డలతో ఒక్కపొద్దు విడిచారు.

రెండు గడ్డలు తిని చెన్నయ్య మాయమయ్యాడు. చూస్తే ఎదుటి గోడవారన మూరలు కొలుస్తున్నాడు. సిమెంటుకే కొలతలనుకుని బసవమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఈడ గూడ ఒక మడి కడదామా?" అన్నాడాయన.

నోటినిండా వేడి గడ్డతోనే ఆమె లేచింది. పరుగెత్తి పార తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.